వార్తల్లో పదం: పోటీ లేని స్కూల్ బోర్డు

అమెరికాలో ప్రభుత్వ బడుల పాలన ఎక్కువచోట్ల స్థానికులు ఎన్నుకునే స్కూల్ బోర్డుదే. సూపరింటెండెంటును నియమించేది, బడ్జెట్‌ను ఆమోదించేది అదే. టెక్సస్‌లో అభ్యర్థులెవరికీ పోటీ లేకపోతే పోలింగే రద్దు చేయవచ్చు. మన పంచాయతీ ఏకగ్రీవం లాంటిదే. ఖర్చు మిగులుతుంది, నిజమే. ఓటర్ల ముందు జరగాల్సిన చర్చ మాత్రం జరగదు.

చర్చించాల్సింది చాలా ఉంది. టెక్సస్‌లో బడులకు రాష్ట్ర నిధులు పిల్లల సగటు హాజరును బట్టి వస్తాయి. పిల్లలు తగ్గితే ఆదాయం పడిపోతుంది. బస్సులు, భవనాల ఖర్చు అంతగా తగ్గదు. ఏ బడి మూసేయాలి? టీచర్ల జీతాలు ఎలా పెంచాలి? అభ్యర్థులను నిలదీయాల్సింది ఎన్నికలప్పుడే.

ఇది మనవాళ్లకూ సంబంధించిన విషయమే: టెక్సస్‌లోని డల్లస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పౌరసత్వం లేనివారికి ఓటు లేదు. అయినా బోర్డు సమావేశాల్లో ఎజెండా అంశాలపై వారూ మాట్లాడవచ్చు.