కొడుకు పేకాట అప్పు ఎవరు తీర్చాలి?

కొడుకు పేకాటలో అప్పులపాలైతే తండ్రి అరెకరం అమ్మి తీర్చడం మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. ప్రియ చదువరులారా, అలా తీర్చిన ఇంట్లో మళ్లీ అప్పు పుట్టడమూ చూస్తున్నాం. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. చేసిన అప్పులు మాత్రం ఇళ్లలోనే ఉన్నాయి.

1957లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే సహవాసం ఈ విషయంలో గట్టిగా ఉంటుంది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, జూదం మానాలన్న కోరిక ఉంటే చాలు. జూదరి గోడు జూదరులే వింటారు. కానీ ఎవరి అప్పూ వారు తీర్చరు.

కొన్నాళ్లు ఆడకుండా నిలబడినవానిని, వీలైతే భార్యతో సహా, పాత సభ్యులు కూర్చోబెడతారు. వడ్డీకి తెచ్చింది, బంధువుల దగ్గర తెచ్చింది, అంతా కాగితం మీద పెట్టిస్తారు. (అన్నిటికంటె కష్టం ఈ కాగితమే, ఒకటి రెండు దాచాలనే మనసు లాగుతుంది.) ముందు ఇంటి ఖర్చు, మిగిలినదానిలో అప్పులవాళ్లందరికీ కొంచెం కొంచెం. ఏళ్లు పట్టినా సరే, పాత అప్పు కోసం కొత్త అప్పు తేకూడదు.

భార్యలకు, తల్లిదండ్రులకు గ్యామ్-అనాన్ అని వేరే కూటం ఉంది. అప్పు తీర్చనని కొడుకుతో చెప్పే ధైర్యం తండ్రికి అక్కడ, అలాగే చెప్పిన మరో తండ్రి పక్కన కూర్చున్నప్పుడు వస్తుంది.