తెలిసి చేసిన తస్కరణ: అపోహలు, వాస్తవములు

విశాఖపట్నము ఫిషింగ్ హార్బరులో ఐసు, డీజిలు, తిండిసరుకులు మరబోటులోనికి ఎక్కించుకొని, వారములకొలది తీరము కానని వేటకు బయలుదేరు కలాసి, తన ఫోనులోని మెమరీ కార్డును గూడ క్రొత్త సినిమాలతో నింపించుకొనగోరుట సహజము. అట్లు నింపియిచ్చు దుకాణదారు నొకని ఊహింతము. తాను సినిమా అమ్ముట లేదనియు, ఎక్కించిన కూలి మాత్రమే పుచ్చుకొనుచున్నాననియు, తెలిసి చేసితినని ఎవరును ఋజువు చేయజాలరనియు అతని ధీమా.

ఇందు సత్యలేశము లేకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము 63వ సెక్షను తెలిసి ఉల్లంఘించినవానిని, అందుకు తోడ్పడినవానిని మాత్రమే నేరస్థునిగా నెంచి, 6 మాసములనుండి 3 ఏండ్లవరకు ఖైదును, 50,000 నుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానాను విధించుచున్నది. ఆ ఎరుకను ఋజువు చేయు భారము ప్రాసిక్యూషనుదే. అయితే నిందితుడు నోరు విప్పి ఒప్పుకొన్ననే గాని ఆ భారము తీరదనుకొనుట పెద్ద అపోహ. మనస్సునకు సాక్షులు లేరు గాని నడవడికి గలరు. థియేటరులో దొంగచాటుగా చిత్రించుటచే ప్రేక్షకుల తలలు తెరకడ్డముగా కానవచ్చు ప్రతి, విడుదలయైన వారములోనే కంప్యూటరులో చేరియుండుట, ఆ ఫైళ్లను మారుపేర్లతో దాచుట, హెచ్చరిక నోటీసు అందిన పిదపను పని మానకుండుట, ఇవి ఒక్కొక్కటిగా బలహీనములైనను, గుదిగ్రుచ్చి చూచినప్పుడు న్యాయమూర్తి అనుమితికి ఆధారములగును. కూలి ఏ పేర పుచ్చుకొన్నను, ప్రతి చేయుట ప్రతి చేయుటయే.

నిర్మాత స్వయముగా బోనెక్కనిదే కేసు నిలువదనుట మరియొక భ్రమ. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వీడియో కేసెట్ల కేసొకదానిలో 1996లో సుప్రీంకోర్టు, తయారుచేసినవాని పేరు, చిరునామా, హక్కుదారుని అనుమతి పొందినట్టి ప్రకటన మున్నగు 52ఎ సెక్షను వివరములు కేసెట్లపై లేకుండుటను ముఖ్యముగా గ్రహించి, హక్కుదారుని వెదకి తెచ్చి సాక్ష్యమిప్పింపనంత మాత్రమున ప్రాసిక్యూషను విఫలము కాదని తేల్చెను.

లాభాపేక్ష లేనిచో నేరమే లేదందురు. మన చట్టములో అది శిక్షను తగ్గించుటకు మాత్రమే కారణము కాగలదు. అమెరికాలో 1994లో సాఫ్ట్‌వేరును ఉచితముగా పంచిపెట్టిన విద్యార్థిపై కేసు, లాభాపేక్ష లేనందున కాపీరైటు నేరముగా నడుపుటకు వీలులేక, మోసపు ఆరోపణయు నిలువక వీగిపోగా, 1997లో శాసనమును సవరించి ఆ సందు మూసిరి. ఆ సవరణలోనే, ప్రతి చేసెను, పంచెను అనునంత మాత్రము బుద్ధిపూర్వకతకు చాలిన ఋజువు కాదనియు వ్రాసిరి. ఈ రెండవ నిబంధన నాకు మిక్కిలి ఆదరణీయము.

ఏలయన, 2022 మే నెలలో మన సుప్రీంకోర్టు 63వ సెక్షను క్రింది నేరము కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ అని తీర్పు చెప్పినందున, వారెంటు లేకయే అరెస్టు చేయు అధికారము పోలీసులకు కలదు. కేవలము సినిమాప్రతి యొకటి దగ్గర నుండుటను 51వ సెక్షను ఉల్లంఘనముగా బేర్కొనలేదు. కావున చేయి వేయుటకు ముందే, ఎవడు ప్రతి చేసెను, ఎవడు సొమ్ము పుచ్చుకొనెను, ఎవని కేమి తెలియును అని విచారింపవలెను. లేనిచో హార్డ్‌డిస్కు గలవాడు తప్పించుకొనుటయు, వేటనుండి అలసి దిగిన కలాసి స్టేషనులో కూర్చుండవలసివచ్చుటయు సంభవించును.