చుక్కల చదువు

దొంకేశ్వర్ వంటి గ్రామమునుండి నిజామాబాదు వచ్చి బి.ఎస్‌సి. చదువుచున్న పిల్లవాడు ఖగోళ శాస్త్రము చదివెదనని ఇంటిలో చెప్పినచో మొదట వచ్చు ప్రశ్న "జాతకములు వ్రాయుటకా?" అని. రెండవది "పసుపు ధర పడిన ఏట ఆ చుక్కలు కూడు పెట్టునా?" అని. మొదటిదానికి నవ్వి యూరకుండవచ్చును. రెండవది నవ్వదగినది కాదు. అప్పు తెచ్చి చదివించు తండ్రికి అట్లడుగు హక్కు కలదు.

పిల్లవాని దిగులు వేరు. చిన్న కళాశాలలో ఆ శాఖ లేదు, దుర్భిణి లేదు. కనుక తనకు దారి లేదని వాడనుకొనును. ఇది పొరపాటని మా అభిప్రాయము.

హైదరాబాదు సంగతియే చూడుడు. నవాబు జఫర్ జంగ్ 1901లో స్వంత ధనముతో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము 1908లో ప్రభుత్వము చేతికిని, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికిని వచ్చినది. అచ్చట ఉద్యోగియైన తండ్రివలన వేణు బప్పునకు చిన్ననాటనే నక్షత్రములతో పరిచయము కలిగెను. ఆయన చదివినది నిజాం కళాశాలలో. పట్టము భౌతిక శాస్త్రములోనిది. కాంతి హెచ్చుచు తగ్గుచు నుండు నక్షత్రములను విద్యార్థి దశయందే పరిశీలించెను. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనముతో హార్వర్డునకు పోయి, 1949లో తోకచుక్క నొకదానిని కనుగొనెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను.

తండ్రి వేధశాలలో నున్నవానితో మా పిల్లలకు పోలికయా అని పాఠకులడుగుదురు. న్యాయమే. అట్లయిన జాన్ గుడ్రిక్కును తలచుకొనుడు. ఇంగ్లండునందలి ఈ చెవిటి యువకునకు 1783లో 19 ఏండ్లయినను నిండలేదు. అల్గాల్ అను నక్షత్రము 2 దినముల 20 గంటల 49 నిమిషముల కొకసారి మసకబారునని కనిపెట్టి, ఏదో చీకటి గోళము దాని కడ్డు వచ్చుచున్నది కాబోలునని ఊహించెను. రాయల్ సొసైటీ కోప్లీ పతక మిచ్చి గౌరవించినది. ఆ నక్షత్రము తన కాంతిలో మూడింట రెండు వంతులు కోల్పోవుట వట్టి కంటికే తెలియును. ప్రక్క చుక్కలతో పోల్చి గంటకొకసారి పుస్తకములో వ్రాసికొనిన చాలును. కార్తిక మార్గశిరములలో రాత్రివేళ పసుపు చేనికి నీరు కట్టువాడు దీనిని గట్టుమీద కూర్చుండి చూడగలడు.

ఇంకొక సంగతి. దొంకేశ్వర్ దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. పసుపు ఉడికించు మాఘ ఫాల్గుణములలో అగస్త్య నక్షత్రము దక్షిణమున 18 డిగ్రీల ఎత్తున వెలుగును. హార్వర్డు ఆవరణలో నిలిచిన విద్యార్థికి అది ఎన్నడును ఉదయింపదు! ఈ సంపదకు మనవారు పన్ను కట్టుట లేదు గనుక విలువ కట్టుటయు లేదు. రాత్రియంతయు ఆకాశమునకు కొట్టునట్లు వెలిగించు దీపములు మాత్రము ఊరూర పెరుగుచున్నవి. పట్టణపు వెలుగును తప్పించుకొనుటకే కదా ఉస్మానియావారు తమ 48 అంగుళముల దుర్భిణిని జపాల్-రంగాపూర్‌నకు తీసికొనిపోయి 1968లో స్థాపించినది.

అయినను చుక్కలు చూచుటయే శాస్త్రము కాదు. కలన గణితము రానివాడు ఈ దారి నడువలేడు. పలువురు వెనుకకు మరలునది ఇచ్చటనే. నిజామియావారు దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల ఆకాశ భాగమును ఛాయాచిత్రములు తీసి, ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి సంపుటములుగా ప్రకటించిరి. మొదట ఈ పని చిలీ దేశమునందలి శాంటియాగో వేధశాలకు పంచియిచ్చినది. వారివలన కాకపోగా మనవారు తలకెత్తుకొనిరి. ఆ కొలతలు 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రముల చలనము గణించుటకు ఉపయోగపడినవి. 2022లో గయా ఉపగ్రహము వెలువరించిన 180 కోట్ల తారల కొలతలు ఎవరికైనను ఉచితముగా లభించును. గణితమును, కంప్యూటరుతో లెక్క కట్టు నేర్పును గల పిల్లవాడు అద్దె గదిలో కూర్చుండియే వానితో పని చేయవచ్చును.

ఇక కూడు మాట. భౌతిక శాస్త్రములో పట్టము పొందినవానికి అధ్యాపక వృత్తి యెటులను కలదు; బెంగుళూరు, పూణే పరిశోధన సంస్థలకు పోటీపడుటకును ఆ పట్టమే మెట్టు. కళాశాలకు కావలసిన చిన్న దుర్భిణి వెల, మన మోతుబరుల యిండ్ల పెండ్లి పందిరికి ఒక్క రాత్రి దీపములు పెట్టించు ఖర్చునకు మించదని మా అంచనా.