సినిమాకెక్కిన బడిపంతులు
రహీం సాబ్ కథలో తెర చూపినదెంత, దాటవేసినదెంత?

స్టేషన్ ఘన్‌పూర్: ఫుట్‌బాల్ శిక్షకుడి బ్రతుకు సినిమా కథకు పనికివస్తుందా అని అడిగేవారికి 'మైదాన్' జవాబు చెబుతుంది. 2024 ఏప్రిల్‌లో విడుదలైన ఈ హిందీ చిత్రం కథానాయకుడు బొంబాయివాడూ కాదు, కలకత్తావాడూ కాదు. మన హైదరాబాద్ వాడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. మన స్టేషన్‌లో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే ఎంతో దూరం లేని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పిన పంతులు.

అమిత్ శర్మ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో రహీం వేషం అజయ్ దేవ్‌గణ్‌ది. 'ఆర్ఆర్ఆర్'లో రామరాజు తండ్రిగా ఆయనను మన ప్రేక్షకులు చూశారు. రహీం భార్యగా ప్రియమణి నటించారు. సంగీతం ఏ.ఆర్. రహమాన్. 1952 ఒలింపిక్స్ ఓటమితో మొదలై 1962 జకార్తా విజయంతో ముగిసే కథ ఇది.

రహీం 1909లో పుట్టారు. 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చిన ఘనత ఆయనది. బొంబాయి రోవర్స్ కప్పును సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణం తెచ్చింది.

గెలిచినప్పుడు దండలు, ఓడినప్పుడు దండనలు. ఈ సామెత లాంటి మాట శిక్షకుడికి అతికినట్లు సరిపోతుంది. 1952లో హెల్సింకిలో యుగోస్లేవియా చేతిలో మన జట్టు 10-1తో చిత్తయింది. ఆ చలిదేశంలో మనవారు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా ఖండం నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు మనదే. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా ఆట సమం చేసినా తొలి దశ దాటలేకపోయింది.

సినిమాకు ప్రతినాయకుడు కావాలి. అందుకే 'మైదాన్'లో ఒక పత్రికా రచయిత, సంఘంలోని కొందరు పెద్దలు రహీంను గద్దె దింపడానికి ఎత్తులు వేస్తారు. గజరాజ్ రావు పోషించిన ఆ పత్రికా రచయిత పాత్ర కల్పితం. హైదరాబాద్ మంచిది, బెంగాల్ చెడ్డది అన్నట్లు చూపారని విమర్శ కూడా వచ్చింది.

నిజం అంత సులువుగా రెండు ముక్కలు కాదు. జకార్తాకు వెళ్ళిన జట్టు నాయకుడు చునీ గోస్వామి బెంగాలీ. గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ కలకత్తాలో ఆడినవాడు. 2020లో చనిపోయే దాకా ఆయన రహీంనే తన గురువుగా చెప్పుకున్నారు. జర్నైల్ సింగ్ పంజాబీ. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్, సికింద్రాబాద్‌ల వారు. ఇన్ని ప్రాంతాల వారిని ఒక్క తాటిమీద నడిపించడమే రహీం పనితనం.

ఇటువంటి తంటా మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో బ్రయాన్ క్లఫ్ అనే నోటి దురుసు శిక్షకుడు 1974లో లీడ్స్ జట్టు పగ్గాలు పట్టి 44 రోజులకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కథతో 2009లో 'ది డ్యామ్డ్ యునైటెడ్' అనే చిత్రం వచ్చింది. తమ మనిషిని సరిగా చూపలేదని క్లఫ్ కుటుంబం నొచ్చుకుంది. అదే క్లఫ్ 1979లో, 1980లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుతో యూరోపియన్ కప్ గెలిచాడు. తెరకు తగాదా కావాలి. పనితనం మైదానంలో వెతుక్కోవాలి.

రహీం పనితనం ఏమిటి? బడిపంతులు బుద్ధి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు జరిపారు. బంతిని తానొక్కడే తోసుకుపోవడం మాని తోటివానికి అందించాలనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. లోపం ఉన్నచోట పిల్లవాడికి సాధన చేయించడం, ఒంటరి గొప్ప మాన్పించడం పాఠం చెప్పేవాడికే తెలిసిన విద్య.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వచ్చిన బీద కుర్రాడు బలరాం. అంతదూరం రోజూ సాధనకు రావడానికి చేతిలో డబ్బు లేదంటే, సైకిల్ కిరాయికని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారు. ఆ రూపాయిల మీద నడిచివచ్చిన కుర్రాడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఇక జకార్తా. 1962లో తొలి ఆటలో దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వలేదన్న వివాదంలో భారత అధికారి ఒకరు మాట్లాడిన తీరుతో స్థానిక ప్రేక్షకులు మన ఆటగాళ్ళపై కేకలు వేశారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం వెనుక వరుస నుంచి ముందు వరుసకు మార్చారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాపై 2-1తో గెలుపు. గోల్స్ కొట్టినవారు బెనర్జీ, జర్నైల్. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం 1963 జూన్ 11న పోయారు. వయసు 53.

ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ దక్కలేదు. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కాలు పెట్టలేదు. ఒక మనిషి పోతే ఆట ఇంతగా తగ్గిందంటే, ఆ మనిషి చేసిన పనిని ఎవరూ బడులకు ఎక్కించలేదనే అర్థం.

సినిమా చూసి చప్పట్లు కొట్టడం తేలిక. ఊరి బడిలో ఆటల గంట లెక్కల గంటగా మారితే అడగడం కష్టం. డ్రిల్లు సారు పోస్టు ఖాళీగా ఉంటే అడగాలి. బడి మైదానం సగం ఆక్రమణకు గురైతే అడగాలి. ఫుట్‌బాల్‌కు కావలసినవి ఒక బంతి, నాలుగు కర్రలు, సాయంత్రం వరకు నిలబడే పంతులు ఒకరు. మొదటి రెండూ ఊళ్ళో చందాతో వస్తాయి. మూడోది సంపాదించుకోవడంలోనే తల్లిదండ్రులు, గ్రామ పెద్దలు పట్టుదల చూపాలి.