ఉద్యోగం పోయినా లైసెన్సు గడువు ఆగదు

విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టా విమానాలు 2017 ఫిబ్రవరి 28న ఆగిపోయాయి. మళ్లీ లేవలేదు. అయిదేళ్లకు, 2022 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్ వంతు వచ్చింది. రెండూ మనవాళ్లు పెట్టిన సంస్థలే. రెండింటి పైలట్లూ రోడ్డున పడ్డారు. అయితే కొత్త ఉద్యోగం వెతుక్కునే దగ్గర వాళ్ల దారులు ఒకలాంటివి కావు. ఆ తేడా అర్థమైతే, పైలట్ ఉద్యోగం పోవడానికీ మిగతా ఉద్యోగాలు పోవడానికీ ఉన్న తేడా కూడా అర్థమవుతుంది.

కారు నడపడం వచ్చినవాళ్లు ఏ కంపెనీ కారైనా నడుపుతారు. విమానం అలా కాదు. కమర్షియల్ లైసెన్సు ఉన్నా సరే, విడిగా టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడపడానికి ఇచ్చే అర్హత) ఉండాలి. ఎయిర్ కోస్టా నడిపినవి బ్రెజిల్‌లో తయారైన ఎంబ్రాయర్ ఈ-170, ఈ-190 జెట్‌లు. అప్పట్లో మన దేశంలో టికెట్లమ్మి షెడ్యూలు ప్రకారం విమానాలు నడిపే మరే సంస్థ దగ్గరా అవి లేవు. ఎంతో ఖర్చుతో సంపాదించిన అర్హత, తెల్లారేసరికి దేశంలో అడిగే నాథుడు లేనిదైపోయింది. ట్రూజెట్‌వి ఏటీఆర్-72లు. అవి ఇండిగో దగ్గర, అలయన్స్ ఎయిర్ దగ్గర కూడా ఉన్నాయి. కనీసం తట్టడానికి తలుపులున్నాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడూ ఇదే జరిగింది. బోయింగ్ 737లు నడిపే స్పైస్‌జెట్ జెట్ వదిలిన విమానాల్లో కొన్నిటిని, పైలట్లలో కొందరిని తీసుకుంది.

కొత్త టైప్ రేటింగ్ సొంత డబ్బుతో చేసుకోవాలంటే లక్షల్లో పని. అసలు లైసెన్సు కోసం చేసిన అప్పే చాలామందికి అప్పటికి తీరి ఉండదు. కెప్టెన్‌కు అనుభవమైనా అండగా ఉంటుంది. కొన్ని వందల గంటలే ఎగిరిన కో-పైలట్ పరిస్థితి మరీ కష్టం. కెప్టెన్ కావడానికి అవసరమైన ఏటీపీఎల్ లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. అవి ఎగిరితేనే వస్తాయి, ఎగరాలంటే ఉద్యోగం ఉండాలి.

బయటివాళ్లకు బొత్తిగా తెలియనిది గడువుల సంగతి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే పైలట్ గడిచిన 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. విమానం మీద కుదరకపోతే ఆమోదం పొందిన సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపే అనుభవాన్నిచ్చే యంత్రం) మీదైనా చేయాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బులో, చీకట్లో పరికరాలు చూసి నడిపే అర్హత) కోసం ఏడాదికోసారి పరీక్షకు నిలబడాలి. వైద్య పరీక్షకూ తేదీ ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇదంతా సంస్థే చూసుకుంటుంది. రోస్టర్‌లో పేరు పడుతుంది, వెళ్లొస్తారు. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి ఆ తిప్పలూ ఖర్చూ సొంతం. విరామం పెరిగేకొద్దీ మళ్లీ తీసుకోవాల్సిన శిక్షణ పెరుగుతుంది. తీసుకునే సంస్థలు నిన్నమొన్నటిదాకా ఎగిరినవాళ్ల వైపే చూస్తాయి.

అందుకే, చేతికొచ్చిన డబ్బులో ఇల్లు గడవడానికి తీసింది పోను మిగిలిన దాంట్లో మొదటి వాటా ఈ గడువులకే పెట్టాలని నా అభిప్రాయం. బ్యాంకుతో వాయిదాల గురించి ముందే మాట్లాడుకోవచ్చు. గడువుతో బేరం కుదరదు.

సిమ్యులేటర్‌కు డబ్బు లేని రోజుల్లోనూ ఒక పని చేయొచ్చు. శిక్షణలో ఉన్న పైలట్లు కాక్‌పిట్ బొమ్మ ముద్రించిన పెద్ద కాగితాన్ని గోడకు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుంటారు. ఇంజిన్ స్టార్ట్ చేసే వరస పైకి చెప్పుకుంటూ ఒక్కో స్విచ్ బొమ్మ మీదికి వేలు తీసుకెళ్తారు. నెత్తి మీదుండే ప్యానెల్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి పైకెత్తుతారు. చూసేవాళ్లకు పిల్లల ఆటలా ఉంటుంది గానీ, చేతికి అలవాటు తప్పకుండా కాపాడేది ఇదే. అనుభవమున్నవాళ్లు మళ్లీ ఆ కాగితం ముందు కూర్చోవడం చిన్నతనమేమీ కాదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, సంస్థ మళ్లీ లేస్తుందన్న ఆశ. జెట్ పునరుద్ధరణకు 2021 జూన్‌లో ఆమోదం దొరికింది, 2022 మేలో ఎగరడానికి అనుమతీ వచ్చింది. ప్రయాణికుల విమానం ఒక్కటీ లేవలేదు. 2024 నవంబరు 7న ఆస్తులు అమ్మేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 మే 3న ఆగిన గో ఫస్ట్ కూడా 2025 జనవరిలో అదే దారి పట్టింది. ఎదురుచూసినవాళ్లకు ఆ నెలలు తిరిగి రావు.

సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైతే గడువులోగా బకాయిల క్లెయిము దాఖలు చేయాలి. పీఎఫ్, గ్రాట్యుటీ అమ్మకపు ఆస్తుల్లో కలవవు. జీతం బాకీ అలా కాదు. కార్మికుల కోవలోకి రాని ఉద్యోగులకు 12 నెలల జీతం వరకే ప్రాధాన్యం, అదీ తాకట్టు ఉన్న రుణదాతల తర్వాత. అందుకే ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయకూడదు.

మనసు సంగతి చాలామంది దాస్తారు. దిగులుగా ఉందని చెబితే వైద్య పరీక్షలో అర్హత పోతుందేమోనన్న భయం. 2023లో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పైలట్లకు సహచరుల తోడ్పాటు కార్యక్రమాలు ఉండాలని చెప్పింది. అయితే అవి సంస్థల ద్వారా నడిచేవి. సంస్థే లేనివాళ్లు వాటికి బయటే ఉండిపోతారు. కనీసం పాత బ్యాచ్‌మేట్లయినా వారానికోసారి ఫోన్ చేసి పలకరించాలి.

ఎంబ్రాయర్ల సంగతికి వస్తే, ఆ కుటుంబానికే చెందిన ఈ-175లను 2023లో స్టార్ ఎయిర్ తెచ్చింది. అప్పటికి ఎయిర్ కోస్టా ఆగి ఆరేళ్లు.