ఈస్టు ఖాతాలో చక్కెర

కిందటి వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఇంట్లోనే బన్నులు చేస్తానంది. పొడి ఈస్టు తెప్పించి, త్వరగా పొంగుతుందని సలసల కాగే నీళ్లు పోసి మైదాపిండి కలిపింది. సాయంత్రమైనా ముద్ద ఉన్నచోటే ఉంది. "ఈస్టు చచ్చిపోయి ఉంటుందమ్మా" అన్నాను. "చావడానికి అది బతికుందా నాన్నా? పొడే కదా!" అంది.

నాకు జవాబు తెలియలేదు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. తనది సైన్సు. మేముండేది బరంపురంలో. పాఠాలు ఇంగ్లీషులో, స్నేహితులతో కబుర్లు ఒడియాలో. నాతో తెలుగు "తిన్నావా, ఫీజు కట్టారా" దగ్గరే ఆగిపోయింది. ఈ ఒక్క ప్రశ్ననైనా వదలకూడదనిపించి, తన పుస్తకాలే ముందేసుకుని కూర్చున్నాను.

ఇలాంటి ప్రశ్న మీదే పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా పండితులు తగవులాడుకున్నారు. చక్కెరను ఆల్కహాలుగా మార్చేది బతికున్న కణమేనని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, కాదు, అది రసాయన చర్య మాత్రమేనని జర్మనీలో లీబిగ్ వాదించారు. బుఖ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్టును ఇసుకతో నూరి, పిండి, కణాలు లేని రసం తీశాడు. పండ్లను పాకంలో నిలవ చేసినట్టు, ఆ రసం చెడకుండా చక్కెర కలిపాడు. రసం బుడగలు కక్కింది! 1897లో ఈ సంగతి ప్రకటించాడు, 1907లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజముందన్నమాట. పని చేసేవి ఎంజైములనే ప్రోటీన్లు. వాటిని తయారుచేసేది కణం. మరిగే నీళ్లకు కణమూ చస్తుంది, కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు ఎంజైములూ పాడవుతాయి.

ఇక లెక్క చూద్దాం. పంచదారను ఈస్టు ముందుగా ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. తర్వాత 10 ఎంజైములు, మెట్టుకొకటి చొప్పున, 6 కార్బన్ల గ్లూకోజును 3 కార్బన్ల పైరువేటు ముక్కలు రెండుగా చేస్తాయి. కణానికి చేతి ఖర్చుల నగదు ఏటీపీ. మొదట్లో 2 ఏటీపీలు పెట్టుబడి పెట్టాలి. తర్వాత 4 వసూలవుతాయి. నికర లాభం 2.

"తనకే విషమయ్యే ఆల్కహాలు ఎందుకు చేసుకుంటుంది?" అని అమ్మాయి అడిగింది. మధ్యలో ఒక మెట్టు దగ్గర ఎన్‌ఏడీ అనే సహాయకుడు హైడ్రోజన్‌ను ఎత్తుకుంటాడు. ఆ బరువు ఎక్కడో దించకపోతే మళ్లీ పనికి రాలేడు, కౌంటరు మూతబడుతుంది. గాలి అందనప్పుడు దించే చోటు ఇదే. పైరువేటులోంచి బొగ్గుపులుసు వాయువు పోయాక మిగిలినదానిమీద ఆ హైడ్రోజన్ చేరితే ఆల్కహాలవుతుంది. వాయువు పిండిని పొంగిస్తుంది. ఆల్కహాలు చాలావరకు పొయ్యి వేడికి ఎగిరిపోతుంది.

180 గ్రాముల గ్లూకోజుకు 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు. రెండు వైపులా సరిపోయింది! నిజానికి కొంత గ్లిసరాలు వంటివాటికి పోతుంది. దాన్ని బ్యాంకు ఛార్జీలనుకోండి.

ఇంత చదివాక తెలిసిన సంగతి నన్ను సిగ్గుపడేలా చేసింది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావుగారి శతజయంతికి 1995లో తపాలా బిళ్ల వచ్చింది. అప్పటికి నేను చదువుకునే వయసులోనే ఉన్నాను. ఆయన పేరు వినడమే తప్ప ఏం చేశారో అడిగి తెలుసుకోలేదు.

మర్నాడు గోరువెచ్చని నీళ్లతో మళ్లీ కలిపాం. గంటన్నరలో పిండి రెట్టింపయింది. అమ్మాయి వాళ్ల నానమ్మకు ఈ కథంతా తెలుగులోనే చెప్పింది. మాట తట్టనిచోట నన్ను అడిగింది, నాకూ తట్టనిచోట ఇద్దరం కలిసి వెతుక్కున్నాం.

అంతా విని మా అమ్మ, "అయితే నా ఇడ్లీ పిండి పొంగేదీ ఈస్టు వల్లేనా?" అంది. కాదట, అది ముఖ్యంగా బ్యాక్టీరియా పని. ఎలాగో చెప్పమని ఇప్పుడు ఇద్దరూ నా వెంట పడ్డారు.