కోలారు సీమ భోజనశాలలలో ఋతుభేదము

భోజనమునకును ఋతువునకును గల సంబంధము మనవారికి క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయమును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున మూడవ అధ్యాయమును ఈ విషయమునే బోధించుచున్నవి. తెలుగున శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనమును మూడు ఋతువులకు మూడు విధములుగ వర్ణించెను. వానకాలమున పప్పు, వడియములు, వరుగులు, పెరుగు. చలికాలమున మిరియపు పొడులతో కూడిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు, కాగిన నేయి. వేసవిని పలుచని అంబలి, తియ్యని చారు, లేతకొబ్బరి నీళ్లు, నీరుమజ్జిగ. ఈ పట్టికలోని వేసవి అంబలి కోలారు సీమలో నేటికిని నిలిచియున్నది.

అది ఇంటి విందు. వెలకు పెట్టు భోజనమునకు సాక్ష్యము క్రీడాభిరామమున కలదు. అందు ఓరుగల్లులోని పూటకూటి ఇంట ఒక రూకకు దొరకు భోజనము వస్తువు వస్తువుగ పేర్కొనబడినది. ఋతుధర్మమును, వెలకు వడ్డించు ధర్మమును ఒకచోట కలిసినప్పుడు ఏమగునో పరిశీలించుటకు కోలారు మండలము మంచి తావు. అచ్చట హోటలు పలకపై వ్రాసిన వంటకముల పేర్లు చూచి చేలలో ఏ పైరు చేతికి వచ్చినదో చెప్పగలిగిన కాలమొకటి ఉండెను. కొంతవరకు ఇప్పటికిని చెప్పవచ్చును.

1. భూమియు పైరులును

కోలారు మండలమున సంవత్సరము పొడవున పారు నది లేదు. పాలారు వానలనాటి యేరే. ఏటి వర్షపాతము సుమారు 700 మొదలు 750 మిల్లీమీటర్లు. పూర్వులు ఈ కొరతను వేలకొలది చెరువులతో తీర్చుకొనిరి. చెరువు క్రింద వరియు, మెట్టపై రాగియు పండించిరి. రాగి సాళ్ల నడుమ అనుము, కంది, ఆవాలు మున్నగువానిని చల్లుట ఈ సీమ సేద్యపు ఆచారము. వాన తప్పి ఒక పైరు పోయినను మరియొకటి కుటుంబమును కాచును. 2007లో చిక్కబళ్లాపురము వేరు మండలమైనను, ఈ రెండు మండలముల పంటలును వంటలును నేటికిని ఒకటియే.

వీనిలో అనుము ప్రత్యేకముగ గమనింపదగినది. దాని నాటు రకములు పగటిపొద్దు తగ్గిననే గాని పూయవు. వానలతో రాగితోపాటు విత్తినను, రాగి కోత ముగియుచుండగా పూచి, మార్గశిర పుష్యమాసములందు, అనగా డిసెంబరు జనవరులందు, కాయలిచ్చును. మంచు పడిన కాయకే జిడ్డును, ప్రత్యేకమగు కమ్మని వాసనయు వచ్చునని రైతుల నమ్మకము. కాబట్టి అనపకాయల కాలమును నిర్ణయించినది వంటవాడు కాడు, సూర్యుడు.

2. పలకపై నడచు సంవత్సరము

చలికాలమున కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట మున్నగు ఊళ్ల భోజనశాలలలో అనపగింజలదే రాజ్యము. ఉప్పిండిలో అనపగింజలు, బియ్యపు రొట్టెలో అనపగింజలు, సంగటికి అనపగింజల పులుసు. వీనికి తలమానికము పితికిపప్పు. గింజలను నీట నానబెట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఒత్తినచో తోలు ఊడి పప్పు బయటికి దుముకును. ఒక హోటలునకు సరిపడు పప్పును పితుకుటకు పలువురు గంటలకొలది కూర్చుండవలెను. కాయ చవుకగా దొరకు ఆ కొలది వారములందే యజమాని ఈ కూలిని భరింపగలడు. ఋతువు మారగనే పలకపై ఆ పేరు చెరిగిపోవుటకు కారణము రుచి యొక్కటే కాదు, లెక్కయు కలదు.

ఉగాదికి ఒబ్బట్లును, పూర్ణపు పప్పు ఉడికిన కట్టుతో కాచిన చారును వచ్చును. పప్పు పూర్ణమునకు, నీరు చారునకు, వ్యర్థమగునది లేదు. అప్పుడే మామిడికాయ కోరు కలిపిన చిత్రాన్నము మొదలగును. ఎండలు ముదిరినపుడు మజ్జిగ కలిపిన రాగి అంబలి వీథి బండ్లపై కనిపించును. మామిడితోటలకు పేరొందిన శ్రీనివాసపురమున పండ్ల సంత మే మొదలు జులై వరకు సాగును. బాదామి, రసపురి, మల్లిక, తోతాపురి, నీలము ఒకదాని వెంట నొకటి వచ్చును.

తొలకరి తరువాత ఆకుకూరల కాలము. చేలగట్లపై తమంతట మొలచు పలువిధములగు ఆకులను కలిపి వండు కలగూరను కన్నడిగులు బెరకె సొప్పు అందురు. దానిని పప్పుతో ఉడికించి మెదిపినచో మస్సొప్పు. ఉడికిన నీటిని వంచి చారు కాచి, ఆకును తాళింపు చేసినచో బస్సారు. రెండును సంగటికి తగిన తోడు. ముళబాగిలు దోసె, బంగారుపేట పానీపూరి సంవత్సరము పొడవున దొరకి ఊరికి పేరు తెచ్చినవి. ఋతువంటకములు ఊరిపేరు మోయవు, కాలమునే మోయును.

ఉడుపి సంప్రదాయము ఈ సందర్భమున స్మరింపదగినది. ఉడుపి మఠములలో చాతుర్మాస్యమున మొదటి నెల కూరలను, రెండవ నెల పెరుగును, మూడవ నెల పాలను, నాలుగవ నెల పప్పుదినుసులను వర్జింతురు. అచ్చట వ్రతము చేయు పనిని కోలారు మెట్టభూమిలో వానయు పొద్దును చేసినవి.

3. బంగారుగనుల ఊరు

1880లో జాన్ టైలర్ సంస్థ పూనుకొనిన పిదప కోలారు బంగారుగనులు దక్షిణదేశపు కార్మికులకు ఆకరమయ్యెను. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి తెలుగువారును తమిళులును వచ్చి రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్, మారికుప్పము మున్నగు చోట్ల కన్నడిగులతో కలిసి జీవించిరి. నేలకు 3 కిలోమీటర్ల లోతున కాగుచున్న రాతి నడుమ పనిచేయువానికి నిలువ నోపు ఆహారము కావలెను. రాగి అట్టి ఆహారము.

ఒకే బల్లపై కూర్చున్న మువ్వురు ఒకే వంటకమును మూడు పేర్లతో అడుగుట ఈ ఊరి విశేషము. తెలుగువాని సంగటి కన్నడిగునకు ముద్దె, తమిళునకు కళి. పితికిపప్పు విషయము మరింత రమ్యము. తెలుగున పితికిపప్పు, తమిళమున పిదుక్కు పరుప్పు, కన్నడమున హితికిద బేళె. పాలు హాలుగను, పులి హులిగను మారినట్లే కన్నడమున పకారము హకారమైనది. ఒత్తి తీయుట అను ఒకే క్రియనుండి మూడు భాషలును తమ వంటకమునకు పేరు పెట్టుకొన్నవి. వంటిల్లు వ్యాకరణమునకు సాక్ష్యమిచ్చుచున్నది.

గనులు 1956లో ప్రభుత్వాధీనమై, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నాటినుండి వేలమంది ప్రతిదినము తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరునకు పనికి పోవుచున్నారు. పని తావుతో పాటు వారి మధ్యాహ్నభోజనమును ఊరు దాటిపోయినది.

4. కలుగుచున్న మార్పులు

ఋతువు పలకపైనుండి చెరిగిపోవుటకు మూడు కారణములు కనిపించుచున్నవి. మొదటిది విత్తనము. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము హెబ్బాళ అవరె 3, 4 అను రకములను విడుదల చేసినది. ఇవి పగటి నిడివితో నిమిత్తము లేక ఏ కాలమునందైనను కాయును. రైతునకు ఇది మేలే. రెండవది గొట్టపుబావి. దాని నీటితో టమాట ఏడాది పొడవున పండి, కోలారు సంత ఆసియాలోని పెద్ద టమాట సంతలలో నొకటియైనది. కాని బావులు వేయి అడుగులు దాటిపోయినవి, చెరువులు ఎండినవి. 2018 మొదలు బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల చెల్లఘట్ట పథకము ద్వారా ఈ చెరువులకు పంపుచున్నారు. మూడవది మెట్టచేనులలో పెరిగిన నీలగిరి తోపులు. అవి ఆక్రమించిన చోట రాగియు లేదు, దాని నడుమ అనుమును లేదు.

విచిత్రమేమనగా, ఇదే కాలమున లోకము ఋతుభోజనమును క్రొత్తగ కనుగొనుచున్నది. అమెరికాలోని బర్క్లీ నగరమున 1971లో ఆలిస్ వాటర్స్ స్థాపించిన షే పనీస్ అను భోజనశాల దినదినమునకు మారు పట్టికతో ప్రసిద్ధి చెందినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. బెంగళూరున జరుగు అనపకాయల సంతర్పణకు జనము విరగబడుచున్నారు. నగరము పండుగ చేసికొనుచున్న దానిని పండించిన పల్లె మరచిపోవుట తగునా?

5. చేయదగిన పని

ఏడాది పొడవున దొరకు కాయను కాదనుట ధర్మము కాదు, రైతు బ్రదుకవలెను. కాని కాలమునకు వచ్చిన వంటకమును కాలముననే వండి, దాని పేరును పలకపై నిలుపుట హోటలువారికి భారము కాదు. కన్నడ నామము ప్రక్కనే తెలుగు నామమును వ్రాసినచో రెండు భాషలకును మేలు. పితికిపప్పు అను మాట ఏ పాఠ్యపుస్తకమునుండియు ఈ సీమ పిల్లలకు రాలేదు. అవ్వల చేతివ్రేళ్లనుండి వచ్చినది. వంట నిలిచినచో మాట నిలుచును. నెలనెలకు ఇంట వండు వంటకముల పేర్లను, వాని పైరులను, మూడు భాషలలో విద్యార్థులచే సేకరింపజేసి పట్టికగా కూర్చుట పాఠశాలలకు సులభసాధ్యము. అట్టి పట్టిక ఒక సీమ నేలకును, నోటికిని, నుడికిని ఉమ్మడి చరిత్ర కాగలదు. అవ్వలుండగనే ఈ పనికి పూనుకొనుట అవసరము.